పిల్లికి తలంటు వలదు

మనలో పెక్కు కుటుంబాలు స్థిరపడిన చాండ్లర్ నగరానికి ఆ పేరు ఒక పశువైద్యుని వలన వచ్చింది. డాక్టర్ అలెగ్జాండర్ జాన్ చాండ్లర్ 1887లో అరిజోనాకు వచ్చి, అప్పటికింకా రాష్ట్ర ప్రతిపత్తి పొందని ఆ ప్రాంతానికి తొలి ప్రభుత్వ పశువైద్యునిగా పనిచేశాడు. ఆయన భూములలోనే 1912లో ఈ పట్టణం వెలసింది. పశువైద్యుని పేరు మోస్తున్న ఊరిలో నివసిస్తూ, ఇంటి పిల్లి విషయంలో మాత్రం మనవారు తరచు శాస్త్రాన్ని ప్రక్కకు నెట్టి అలవాటునే అనుసరిస్తున్నారు.

ఆ అలవాటు స్నానం. తెలుగువారికి శుభ్రత అంటే ముందుగా గుర్తుకు వచ్చేది నీళ్ళే. పండుగ తెల్లవారితే అభ్యంగనం, వారానికొక తలంటు, పూజకు ముందు స్నానం మన జీవనంలో భాగాలు. కాబట్టి పిల్లలు ముచ్చటపడి తెచ్చుకున్న పిల్లి సోఫా మీద, పూజగది గడప మీద తిరుగుతుంటే, దానికి కూడ వారం వారం స్నానం చేయించాలని పెద్దలు పట్టుబట్టటం సహజమే. ఉద్దేశం మంచిదే గాని, అందువలన పిల్లికి మేలు కంటె కీడే ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి నీటి స్నానం అవసరం లేదని, ఆ శ్రమను దువ్వెన మీద వెచ్చించటమే మంచిదని నా అభిప్రాయం.

ముందుగా పిల్లి నాలుకను గమనించండి. దాని గరుకుదనానికి కారణం వెనుకకు వంగిన సూక్ష్మమైన ముళ్ళు. ఇవి మన గోళ్ళలో ఉండే కెరాటిన్ అనే పదార్థంతోనే నిర్మితమైనవి. జార్జియా టెక్ సంస్థకు చెందిన అలెక్సిస్ నోయెల్, డేవిడ్ హూ అనే పరిశోధకులు 2018లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం ఈ ముళ్ళ కొనలు చిన్న గరిటెల వలె బోలుగా ఉంటాయి. నోటిలోని లాలాజలం తలతన్యత వలన వాటిలో నిలిచి, నాకినప్పుడు బొచ్చు లోపలి పొరల దాకా చేరుతుంది. ఆ తడి ఆరేటప్పుడు శరీరం కొంత చల్లబడుతుంది కూడ. ఇంటి పిల్లి మొదలు సింహం, పెద్దపులి వరకు వారు పరిశీలించిన జాతులన్నిటిలోను ఇదే నిర్మాణం కనిపించింది. అంటే దువ్వెన, తువ్వాలు, నీటిచెంబు మూడూ ప్రకృతి ఒక్క నాలుకలోనే అమర్చి ఇచ్చింది.

మనం చేయించే స్నానం ఈ ఏర్పాటును చెడగొడుతుంది. చర్మగ్రంథులు స్రవించే నూనె సబ్బుతో కొట్టుకుపోతుంది. అసలే పొడిగా ఉండే అరిజోనా గాలిలో ఆ చర్మం మరింత ఎండి పొట్టు రాలుతుంది. మన చర్మం ఆమ్లగుణం కలది. పిల్లి చర్మం తటస్థానికి దగ్గరగా ఉంటుంది. అందుచేత మన షాంపూ దానికి సరిపడదు. కుంకుడు రసం కళ్ళలో పడితే ఎంత మంటో మనకు తెలియనిది కాదు. పైగా తడిసిన ఒత్తు బొచ్చు త్వరగా ఆరదు. శరీరపు వేడి నిలుపుకునే శక్తి తగ్గిపోయి పిల్లి వణుకుతుంది, బెదురుతుంది. పట్టుకున్నవారి చేతులను రక్కుతుంది.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. పిల్లి బొచ్చు మీద పడిన ప్రతి పదార్థమూ చివరకు దాని కడుపులోకి పోతుంది. మన కాలేయం ఫినాల్ జాతి రసాయనాలకు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జతపరచి బయటకు పంపివేస్తుంది. పిల్లి జాతిలో ఆ పని చేసే ఒక ముఖ్యమైన ఎంజైముకు చెందిన జన్యువు నిష్క్రియమై ఉన్నది. ఒక్క టైలెనాల్ మాత్ర పిల్లి ప్రాణం తీయగలగటానికి ఇదొక ప్రధాన కారణం. ఫినాయిలు, డెటాల్‌లో ఉండే క్లోరోజైలినాల్, టీ ట్రీ తైలం మనకు పరిశుభ్రతా చిహ్నాలు కావచ్చు. పిల్లికి మాత్రం అవి విషాలు. కుక్కల వంటి మీది పురుగులకు వాడే పెర్మెత్రిన్ మందును పిల్లికి ఎన్నడూ వేయరాదు. ఈస్టర్ లిల్లీ జాతి పూల పుప్పొడి బొచ్చుకు అంటితే, దానిని నాకిన పిల్లికి మూత్రపిండాలు చెడిపోయే ప్రమాదం ఉన్నది. టాల్కం పౌడరు కూడ ఊపిరితిత్తులకు మంచిది కాదు.

మరి మన కర్తవ్యమేమి? పొట్టి బొచ్చు పిల్లిని వారానికొకసారి, పొడుగు బొచ్చు పిల్లిని ప్రతిదినమూ దువ్వాలి. రాలే బొచ్చు దువ్వెనకు వచ్చినంత మేరకు తివాచీ మీదికి, పూజగదిలోకి, పిల్లి కడుపులోకి పోవటం తగ్గుతుంది. ఉండలు కట్టిన బొచ్చును కత్తెరతో కత్తిరించరాదు. పిల్లి చర్మం పలుచనిది, తేలికగా తెగుతుంది. 2011 జూలై 5న ఫీనిక్స్ ప్రాంతాన్ని కప్పివేసిన ధూళి తుఫాను వంటివి ఇక్కడ వేసవి వర్షాకాలంలో వస్తూనే ఉంటాయి. అటువంటి దినాన మెత్తని గుడ్డను గోరువెచ్చని నీటిలో తడిపి, గట్టిగా పిండి, బొచ్చు పెరిగిన దిశగా తుడిస్తే చాలు. పిల్లిని ఇంటిలోనే ఉంచుకుంటే ధూళి నుంచి, ఎండ నుంచి కూడ రక్షణ లభిస్తుంది. లిట్టర్ తొట్టిని ప్రతిదినమూ ఎత్తివేసి శుభ్రపరచాలి. ఎన్ని పిల్లులుంటే అంతకంటె ఒక తొట్టి ఎక్కువ ఉండటం మంచిది.

ఇంటిలో ఎలర్జీ ఉన్నవారి మాటేమిటని కొందరు ప్రశ్నించవచ్చు. ఎలర్జీకి ప్రధాన కారణమైన ఫెల్ డి 1 అనే ప్రోటీను పిల్లి లాలాజలంలోను, చర్మగ్రంథులలోను నిరంతరం తయారవుతుంది. స్నానంతో అది తగ్గేమాట నిజమే గాని, వారం తిరగక ముందే మరల పూర్వస్థితికి వస్తుంది. పిల్లిని పడకగదిలోకి రానీయకుండటం, గాలిని వడకట్టే హెపా యంత్రాన్ని అమర్చటం అంతకంటె మెరుగైన మార్గాలు.

స్నానం తప్పని సందర్భాలు లేకపోలేదు. బొచ్చు లేని స్ఫింక్స్ జాతికి స్నానం కావాలి. తామర వంటి చర్మవ్యాధికి వైద్యుడు మందునీటి స్నానం చెప్పవచ్చు. ఇంజను నూనె, రంగు వంటివి ఒంటికంటితే పిల్లి నాకకుండ చూసి, వెంటనే వైద్యునికి ఫోను చేసి, ఆయన చెప్పినట్లు కడగాలి.

నాకుకోవటం మానివేసిన పిల్లిని మాత్రం ఉపేక్షించరాదు. 2002లో ప్రచురితమైన ఒక పరిశీలనలో 12 ఏళ్ళు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూడగా 90 శాతం వాటిలో కీళ్ళ అరుగుదల కనిపించింది. నడుము వంగని పిల్లి వీపును శుభ్రపరచుకోలేదు. పంటినొప్పి ఉన్నా, మితిమీరి లావెక్కినా అంతే. అటువంటి పిల్లి మాసిపోయినదని తొట్టిలో ముంచితే వ్యాధి మరుగున పడుతుంది, బాధ మిగిలిపోతుంది. మాసిన బొచ్చు అక్కడ మురికి మాత్రమే కాదు, నోరులేని జీవి చెప్పుకుంటున్న మొర. దానిని విని వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి.

సెలవులకు వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు పిల్లిని చూసి ముఖం చిట్లిస్తే వారితో వాదించవద్దు. పిల్లవాని చేతికి దువ్వెన ఇచ్చి, పెద్దల ఎదుటనే పదినిమిషాలు దువ్వించండి. దువ్వెనకు వచ్చిన బొచ్చును చూస్తే, నీళ్ళు లేకుండానే ఎంత శుభ్రం చేయవచ్చునో వారికే బోధపడుతుంది.