అంతర పంట తెలియని పంట నమూనా: మనం అడగవలసిన తీరు

అనంతపురం ఎర్ర నేలల్లో వేరుశనగ, కందిని 7:1 లేదా 11:1 సాళ్ల నిష్పత్తిలో వేయడం రైతుకు కొత్త కాదు. మన సిఫార్సుల్లో ఉన్నదే. ఆ పొలాన్ని డీశాట్ సాఫ్ట్‌వేర్‌లో అనుకరించబోతే మాత్రం తొలి మెట్టులోనే ఆగిపోతాము. వేరుశనగకు, కందికి వేర్వేరు నమూనాలు అందులో ఉన్నాయి. అవి ఒకే పొలంలో, ఒకే కాలంలో వెలుగును, నేల తేమను పంచుకునే ఏర్పాటు ప్రామాణిక రూపంలో లేదు.

ఈ లోటును దాటడానికి ఒక అడ్డదారి ఉంది. రెండు పంటలను విడివిడిగా నడిపి, సాళ్ల నిష్పత్తిని బట్టి దిగుబడులను కలపడం. 11:1 పద్ధతిలో ఈ లెక్క నిలవదు. కంది తొలి రెండు నెలలు నెమ్మదిగా ఎదుగుతుంది. సుమారు 110 రోజులకు వేరుశనగ పీకిన తరువాత ఖాళీ జాగాలోకి కొమ్మలు చాచి, ఆలస్యపు వానల తేమతో కాపుకు వస్తుంది. అటువంటి పంటకు పన్నెండింట ఒక వంతు స్థలమే కేటాయించడం దాని స్వభావాన్నే కాదనడం. బెట్టకు వేరుశనగ దెబ్బతిన్న ఏడాది కంది ఎంతవరకు ఆదుకుంటుందన్నది రైతు అడిగే అసలు ప్రశ్న. నమూనా మౌనం వహించేది సరిగ్గా అక్కడే.

అంతర పంటల అనుకరణ ఏప్సిమ్‌లో ఉన్నది గదా, దానికే మారవచ్చునని కొందరనవచ్చు. మారవచ్చు, కాని ఒక నమూనాకు సరిచూసిన జన్యు గుణకాలు మరొకదానికి నేరుగా పనికిరావు. రకాల వారీగా చేసిన శ్రమ మళ్లీ మొదటికి వస్తుంది. పైగా ఒక సాధనంలో సాధ్యమైనదానిని మరొకదానిలో కోరడం అత్యాశ కాదు.

డీశాట్ సోర్సు కోడ్ గిట్‌హబ్‌లో అందరికీ అందుబాటులో ఉంది. అభ్యర్థన ఎవరైనా పెట్టవచ్చు. అయితే “అంతర పంటలు చేర్చండి” అన్న ఒక్క వాక్యం ఎవరినీ కదిలించదు. ఒకే పంటను దృష్టిలో ఉంచుకుని అల్లిన ఫోర్ట్రాన్ కోడ్‌లో ఇది చిన్న మార్పు కాదు. కనుక కోరికను కుదించాలి: వేర్వేరు కోత తేదీలున్న రెండు పంటలు వెలుగును, పొరల వారీ నేల తేమను పంచుకోవడం, ముందుగా అంతే. దానితోపాటు పరీక్షించుకోవడానికి దత్తాంశం జతపరచాలి.

చిక్కు ఇక్కడే ఉంది. మన అంతర పంటల ప్రయోగ నివేదికలలో తుది దిగుబడి, భూమి సమతుల్య నిష్పత్తి తప్ప మరేమీ దొరకనివి అనేకం. నమూనాకు అవి చాలవు. సాంకేతికత బదిలీకి కావలసిన కనీస దత్తాంశంపై అంతర్జాతీయ సదస్సు 1983 మార్చిలో మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లోనే జరిగిందన్నది గుర్తుచేసుకోదగినది.

ఒక పరిశోధన స్థానంలో, ఒక స్నాతకోత్తర విద్యార్థి సిద్ధాంత వ్యాసంగానైనా, రాబోయే ఖరీఫ్‌లో ఈ కొలతలు మొదలుకావాలి: పదిహేను రోజులకొకసారి రెండు పంటల ఆకు విస్తీర్ణ సూచిక, పొడి బరువు, 15 సెంటీమీటర్ల పొరల వారీగా నేల తేమ, రోజువారీ వాతావరణం. పక్కనే రెండింటి ఏకపంట మడులు ఉండాలి. వేరుశనగ పీకిన తరువాత కూడా కంది కోత వరకు కొలతలు ఆగరాదు.