పెద్దవాళ్ల పక్షవాతానికి ఒక వార్డు ఇవ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు,

ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరైనదాన్ని. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం మెడికల్ వార్డుల్లోనే గడిచింది. పక్షవాతం వచ్చిన ముసలివాళ్లు లేని రోజు ఆ వార్డుల్లో ఉండదు. వాళ్ల తరఫున ఒక విన్నపం. ప్రతి జిల్లా ఆసుపత్రిలో పక్షవాతానికంటూ ఒక వార్డు కావాలి. కొత్త భవనం అక్కర్లేదు. ఉన్న వార్డులోనే ఎనిమిదో పదో మంచాలు ఒక పక్కకు తీసి, ఆ పని నేర్చిన నర్సులనూ ఫిజియోథెరపిస్టునూ అక్కడే ఉంచండి.

పక్షవాతం అనగానే ఇప్పుడు అందరూ ఇంజెక్షన్ గురించే మాట్లాడుతున్నారు. మంచిదే. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే దాన్ని కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపు పడాలి, ఎంత ముందు పడితే అంత మేలు. మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యమని ఊరూరా చెప్పాల్సిందే. హిమాచల్ ప్రదేశ్‌లో న్యూరాలజిస్టు లేని జిల్లా ఆసుపత్రుల్లో కూడా సీటీ స్కాన్ బొమ్మలు ఫోన్లో పెద్ద డాక్టర్లకు పంపి, వాళ్ల సలహాతో అక్కడి ఫిజీషియన్లే ఈ మందు ఇచ్చారు. మనమూ చెయ్యగలం.

కానీ ఆ గడువులోపు చేరేది కొద్దిమందే. ముసలాయన రాత్రి బాగానే పడుకుంటాడు, తెల్లారేసరికి కుడి పక్క పడిపోయి ఉంటుంది. ఎన్నింటికి వచ్చిందో ఎవరికీ తెలియదు. కొడుకు బెంగళూరులో, కూతురు డల్లాస్‌లో. పక్కింటివాళ్లు ఆటో పిలిచి ముందు ఆర్ఎంపీ దగ్గరికి, ఆనక ఎవరో చెప్పిన పసరు మందుకి తిప్పి, ఆసుపత్రికి తెచ్చేసరికి పొద్దు వాలుతుంది. కొందరికి వచ్చింది గడ్డ కాదు, మెదడులో రక్తస్రావం. వాళ్లకు ఆ మందు అసలు ఇవ్వకూడదు. మరి వీళ్లందరికీ వైద్యం ఏమిటి? వార్డే వైద్యం.

ఇది నా ఒక్కదాని నమ్మకం కాదు. పక్షవాతం రోగులను ఒకచోట పెట్టి, ఆ పని తెలిసిన బృందం చూసుకునే ఏర్పాటును స్ట్రోక్ యూనిట్ అంటారు. మామూలు వార్డుకీ దానికీ తేడా తేల్చడానికి జరిగిన 29 అధ్యయనాలను, దాదాపు ఆరు వేల మంది రోగుల వివరాలను 2020 నాటి కాక్రేన్ సమీక్ష ఒకచోట చేర్చింది. స్ట్రోక్ యూనిట్‌లో ఉంచిన ప్రతి 100 మందికీ అదనంగా ఇద్దరు బతికారు, ఆరుగురు ఎక్కువగా సొంత ఇంటికి చేరగలిగారు, తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లూ ఆరుగురు పెరిగారు. వయసు మీద పడినవాళ్లకూ, తీవ్రంగా వచ్చినవాళ్లకూ ఈ మేలు అందింది. ఆలస్యంగా వచ్చినా, గడ్డ అయినా రక్తస్రావమైనా, అందరికీ పనికొచ్చే వైద్యం ఇది.

ఆ బృందం ఏం చేస్తుందో ఒక్కటి దగ్గరగా చూపిస్తాను. రోగిని మంచం మీదికి చేర్చగానే మనవాళ్లు చేసే మొదటి పని నోట్లో ఏదో ఒకటి పొయ్యడం. నీరసంగా ఉన్నాడని కొబ్బరి నీళ్లు, గ్లూకోజు నీళ్లు, కాసిని పాలు. ప్రేమతోనే పోస్తారు. వెల్లకిలా పడుకున్న మనిషికి, సగం మూతి పనిచెయ్యని మనిషికి గ్లాసుతో పోస్తారు. కొంత చెంప మీదుగా దిండు మీదికి కారుతుంది. మిగతాది కడుపులోకి పోయిందో ఊపిరితిత్తుల్లోకి పోయిందో ఎవరికీ తెలియదు. పొలమారితే కనీసం పట్టుకోవచ్చు. పక్షవాతంలో చాలామందికి ఆ దగ్గు కూడా రాదు, చప్పుడు లేకుండా దిగిపోతుంది. రెండు మూడు రోజులకు జ్వరం, ఆయాసం, ఎక్స్‌రేలో నిమోనియా. మెదడు దెబ్బను తట్టుకున్న మనిషి ఊపిరితిత్తులు పాడై పోతాడు.

దీన్ని ఆపడానికి కావలసింది ఒక చెంచా, అరగ్లాసు నీళ్లు, పని తెలిసిన నర్సు. ముందు మనిషి మెలకువగా ఉన్నాడా అన్నది చూడాలి. వెనక దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టాలి. ఒక చెంచా నీళ్లు వేసి, మింగేటప్పుడు కంఠం పైకి కదిలిందో లేదో వేలు ఆనించి చూడాలి. దగ్గు వచ్చిందా, ఊపిరి మారిందా కనిపెట్టాలి. ‘ఆ’ అనమనాలి. గొంతులో నీళ్లు నిలిచినట్టు గరగర వినిపిస్తే అక్కడితో ఆపి డాక్టరుకు చెప్పాలి, అవసరమైతే ముక్కు గొట్టం వెయ్యాలి. బాగుంటే ఇంకో రెండు చెంచాలు, ఆ తర్వాతే గ్లాసు. అయిదు పది నిమిషాల పని ఇది. అది అయ్యేదాకా మాత్రలు కూడా నోట్లో పడకూడదు. ‘నోటితో ఏమీ ఇవ్వకండి’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి మంచానికి కట్టాలి, ఎందుకో అటెండెంటుకు కూర్చోబెట్టి చెప్పాలి. నలభై మంచాల వార్డుకు రాత్రిపూట ఒకే నర్సు ఉంటే ఈ పది నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకే వేరే వార్డు అడుగుతున్నాను.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో 19 స్ట్రోక్ యూనిట్లను తీసుకుని, కొన్నిచోట్ల నర్సులకు మూడు పనులు పకడ్బందీగా నేర్పారు. జ్వరం, షుగర్, మింగడం, ఈ మూడింటినీ కనిపెట్టుకుని ఉండటం. ఫలితాలు 2011లో వచ్చాయి. మూడు నెలల తర్వాత చూస్తే చనిపోయినవాళ్లూ, మునుపటిలా తమ పనులు చేసుకోలేకపోయినవాళ్లూ కలిపి నేర్పిన చోట నూటికి 42 మంది, నేర్పని చోట 58 మంది. కొత్త మందు లేదు, కొత్త మిషను లేదు. మంత్రులారా, ఇంత తక్కువ ఖర్చులో ఇంత ఫలితమిచ్చే పని మీ శాఖలో ఇంకెన్ని ఉంటాయి?

ఇక వయసు మాట. మా అత్తగారికి ఎనభై దాటాక ఎడమ పక్క పడిపోయింది. దగ్గర్లో ఉందని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. డ్యూటీ డాక్టరు కేస్ షీటులో వయసు చూసి, “ఈ వయసులో ఇంకేం చేస్తామమ్మా, ఇంటికి తీసుకెళ్లి సేవ చేసుకోండి” అన్నాడు. మనిషి ముఖం చూడకముందే అన్న మాట అది. వార్డు బాయ్ వచ్చి పడిపోయిన చేతినే జబ్బ దగ్గర పట్టుకుని ఆవిడను కుర్చీలోకి లాగాడు. పట్టు తప్పిన కీలు అలా లాగితే జారుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు. ఆవిడ తర్వాత కూర్చుంది, కర్ర పట్టుకుని నడిచింది. ఆ భుజం నొప్పి మాత్రం ఆఖరి రోజు దాకా వదల్లేదు.

వయసైపోయిందన్న ఆ తీర్పుకు ఆధారం లేదు. గడ్డ కరిగించే మందు మీద జరిగిన తొలి పరీక్షల్లో 80 దాటినవాళ్లను పెద్దగా చేర్చుకోలేదు. 2012లో వచ్చిన ఐఎస్‌టీ-3 అధ్యయనంలో 3,035 మందిని తీసుకుంటే, అందులో సగానికి పైగా 80 దాటినవాళ్లే. వయసు పెరిగిందని మేలు తగ్గలేదని అందులో తేలింది. అన్నీ అందరికీ చెయ్యాలని నేననడం లేదు. అప్పటికే మంచాన పడి ఉన్నవాళ్లూ, ఇక చాలని స్వయంగా చెప్పినవాళ్లూ ఉంటారు. వాళ్ల మాట వినాల్సిందే. కానీ తీర్పు మనిషిని చూసి ఇవ్వాలి, పుట్టిన సంవత్సరం చూసి కాదు.

ఇంటికి పంపాక జరిగేది మరో కథ. ఆసుపత్రి పడక మీద ఉన్నన్నాళ్లూ ఆరోగ్య పథకం కార్డు పనిచేస్తుంది. 2024 అక్టోబరు నుంచి 70 నిండినవాళ్లకు ఆయుష్మాన్ భారత్‌లో ఏటా 5 లక్షల రూపాయల దాకా ఉంది, తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలైంది. సంతోషం. డిశ్చార్జి తర్వాత నెలల తరబడి కావలసిన ఫిజియో ఖర్చు మాత్రం చాలా ఇళ్లలో జేబులోంచే పోతోంది. నాలుగు సిట్టింగులు అయ్యాక మానేస్తారు. ఇంట్లోవాళ్లకే వ్యాయామాలు నేర్పి పంపితే సరిపోదా అని మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో 1,250 మంది మీద పరీక్షించి చూశారు. అటెండ్ అనే ఆ అధ్యయనం 2017లో వచ్చింది. ఆరు నెలలకు తేడా ఏమీ కనిపించలేదు. కాబట్టి ఆ బరువు కోడళ్ల మీదా కూతుళ్ల మీదా వేసి మనం చేతులు దులుపుకోలేం. ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చే ఖర్చును పథకంలో చేర్చండి. మాట పోయినవాళ్లకు స్పీచ్ థెరపిస్టు వారానికొక్కసారైనా జిల్లా ఆసుపత్రికి రావాలి.

ఇలాంటి వార్డు మన దేశంలోనూ కుదురుతుంది. అస్సాంలోని తేజ్‌పూర్‌లో న్యూరాలజిస్టు లేకుండా ఫిజీషియన్ల ఆధ్వర్యంలోనే స్ట్రోక్ యూనిట్ నడిపారు. కేరళ ఆ యూనిట్లను జిల్లా ఆసుపత్రుల్లోకి తెచ్చింది. మన జిల్లా ఆసుపత్రుల్లో ఇప్పుడు చాలావాటికి మెడికల్ కాలేజీలు తోడయ్యాయి, పీజీ డాక్టర్లున్నారు, సీటీ మిషన్లున్నాయి.

జీవో తయారయ్యేటప్పుడు దయచేసి రెండు వాక్యాలు మరవకుండా రాయించండి. ఒకటి, ఈ వార్డుకు శిక్షణ ఇచ్చిన నర్సులను మూడేళ్ల దాకా కదపకూడదు. నేర్చుకున్న పిల్లను మరుసటి నెల కాన్పుల వార్డుకు వేస్తే శిక్షణ డబ్బు బూడిదలో పోసినట్టే. రెండోది, డిశ్చార్జి షీటు మీద ‘ఇంప్రూవ్డ్’ అని రాసి లెక్క ముగించకూడదు. మూడు నెలలకు ఏఎన్ఎం గానీ ఆశా కార్యకర్త గానీ ఆ ఇంటికి వెళ్లి బతికి ఉన్నారా, నడుస్తున్నారా, సొంతంగా తింటున్నారా, బీపీ మాత్ర వేసుకుంటున్నారా అని రాసుకురావాలి. జిల్లాల వారీగా ఆ అంకెలు ఏటా అక్టోబరు 29న, ప్రపంచ పక్షవాత దినం నాడు, ప్రజల ముందు పెట్టండి. ఏ జిల్లా వెనకబడిందో అప్పుడు మీకూ తెలుస్తుంది, మాకూ తెలుస్తుంది.

మొదటి బ్యాచ్ నర్సులకు ఆ చెంచా నీళ్ల పరీక్ష నేర్పడానికి మనిషి కావాలంటే కబురు చెయ్యండి. జీతం వద్దు, బస్సు ఛార్జీలు నేనే పెట్టుకుని వస్తాను. నాలాంటి రిటైర్డ్ నర్సులు ప్రతి జిల్లాలోనూ ఉన్నారు, పిలిస్తే వాళ్లూ వస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు