ఉపగ్రహానికి అందని పెరటి చెట్టు



ప్రైవేటు స్థలాల్లో చెట్టు కొడితే ఇక ఆకాశం నుంచే పట్టేయొచ్చన్న మీ వ్యాసకర్త ధీమా తిరువళ్ళూరు, తిరుత్తణి వీధుల్లో చెల్లదు. భారత అటవీ సర్వే రెండేళ్ళకోసారి ఇచ్చే అటవీ విస్తీర్ణం లెక్క ఎక్కువగా లిస్-3 ఉపగ్రహ కెమెరా చిత్రాల మీద ఆధారపడేది. అందులో ఒక్కో గడి (పిక్సెల్) పక్క 23.5 మీటర్లు, అంటే దాదాపు 550 చదరపు మీటర్లు. పెరట్లో వేపచెట్టు ఆ గడిలో ఓ మూలకు సరిపోతుంది. పైగా ఆ సర్వే లెక్కలో హెక్టారు దాటి, పదో వంతు నేలకు కొమ్మల నీడ ఉంటే మామిడి తోట కూడా ‘అడవే’, యజమాని ఎవరైనా సరే!

ఉచితంగా దొరికే సెంటినెల్-2 చిత్రాల్లో గడి 10 మీటర్లు. తోటను జేసీబీతో చదును చేసి ప్లాట్లు వేస్తే వాటిలో కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. కానీ ఊళ్ళో చెట్టును అలా కొట్టరు. మొదలు చుట్టూ బెరడు ఒలిచి వదిలేస్తారు, అదే ఎండిందంటారు. తమిళ నెల మాసి చివర ఆకు రాల్చిన వేపకూ దీనికీ పైనుంచి తేడా ఏం తెలుస్తుంది? అందుకే ఏటా ఒకే నెల చిత్రాలను పోల్చాలి.

1960 దాకా చిత్తూరు జిల్లాలో ఉన్న ఊరు మాది. పక్కనే ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న నగరిలో 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది, చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. అమలు సంగతి అడక్కండి. లేఅవుట్ దరఖాస్తుకు మూడేళ్ళ ఉపగ్రహ చిత్రాలు జతచేయమంటే చాలు, సగం పని అవుతుంది.

— ఒక పాఠకుడు, తిరుత్తణి