బొల్లిని గూర్చి తల్లిదండ్రులకు ఒక మనవి

మండువేసవియందు సైతము పొడుగుచేతుల చొక్కాయి తొడిగి, ముంజేతిని దాచుకొని కూర్చుండు బిడ్డలను మేము తరగతులలో అప్పుడప్పుడు చూచుచుందుము. దాచబడినది బొల్లిమచ్చ. ప్రక్కవారు జరిగి కూర్చుందురు. ఇంట పెద్దలు పెండ్లిని తలంచి నిట్టూర్తురు. అట్టి బిడ్డను వార్షికోత్సవ నాటకమునుండి జాలితో తప్పించిన ఉపాధ్యాయులలో మేమును ఒకరము. ఆ జాలి బిడ్డకు శిక్షయే యైనది. కావున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

బొల్లి కుష్ఠువు కాదు, అంటునది కాదు. శ్వేతకుష్ఠమను పాతపేరు పెక్కు అనర్థములకు మూలము. చర్మమునకు రంగునిచ్చు కణములను దేహరక్షణశక్తియే పొరపాటున నశింపజేయుటచే ఈ మచ్చలు కలుగును. చేపలు తిని పాలు త్రాగుటవలన వచ్చుననుటకు ఆధారము లేదు.

మందులకును, కాంతిచికిత్సకును లొంగని మచ్చలకు కణములను నాటు చికిత్స కలదు. సులభమైన యొక పద్ధతిని 1992లో ఫ్రాన్సు వైద్యులు ప్రకటించిరి. నేడది మన దేశమునను జరుగుచున్నది. రోగి తొడనుండి పలుచని చర్మపుపొర తీసి, ట్రిప్సిన్ అను ఎంజైము కలిపిన ద్రవమునందుంచి కణములను విడదీయుదురు. వానిని, పైపొర గీకిన మచ్చపై పరచి కట్టు కట్టుదురు. తీసిన చర్మమునకు ఐదు మొదలు పదిరెట్ల మేర కప్పవచ్చును. చిన్న నారుమడి పెద్ద చేనికి చాలునని దివిసీమ రైతునకు మేము చెప్పనక్కరలేదు.

అయితే వరదనీరు తీయని చేలో ఎవరును నాట్లు వేయరు. మచ్చలు పెరుగుచుండగా నాటిన కణములును నిలువవు. కనీస మొక సంవత్సరము క్రొత్తమచ్చ పుట్టక, పాతది పెరుగక యుండవలెను. వ్రేళ్లకొనల ఫలము తక్కువ. రంగు వచ్చుటకు నెలలు పట్టును. మరల మచ్చలు రావను హామీ లేదు. కావున ముహూర్తమునుబట్టి చికిత్సకు తొందరపడరాదు. పసరుమందులకు, ప్రకటనలకు ధనము పోయుటయు తగదు. మచిలీపట్నమున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమైనది. బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతముల వారు ముందుగా చర్మవైద్యుని సలహా పొందుదురు గాక.

చికిత్స కోరుట తప్పు కాదు, కోరకుండుటయు తప్పు కాదు. కాని బిడ్డ గౌరవము చికిత్సాఫలమునకై కాచుకొని యుండరాదు. విద్యార్థులారా, కణములు నాటుటకు వైద్యుడు ఒక యేడు ఆగును. ప్రక్కన కూర్చుండుటకు మీరు ఒక్క దినమైనను ఆగ పనిలేదు.