సంతకమునకు బాధ్యత లేదా?

అనకాపల్లి బెల్లపు మార్కెట్టులో కాటా వేయువాడు తూకము తప్పు వ్రాసి కొనువానిని ముంచినచో, “సరకు నాది కాదు, లాభము నాది కాదు” అని తప్పించుకొనగలడా? తప్పించుకొనజాలడని రావికమతము రైతు సైతము చెప్పును. ఈ సామాన్యధర్మము కోట్ల రూపాయల కంపెనీల లెక్కలు తూచు ఆడిటర్లకు మాత్రము వర్తింపదా?

2009 జనవరి 7వ తేదీని హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ అధ్యక్షులు రామలింగరాజుగారు, లెక్కలలో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్లు అసలు లేనేలేవని లేఖ వ్రాసి ఒప్పుకొనిరి. ఆ కంపెనీ లెక్కలను ఏటేట ధ్రువపరచుచు వచ్చినది ప్రైస్ వాటర్‌హౌస్ ఆడిటు సంస్థ. సొమ్మున్నదో లేదో నేరుగా బ్యాంకునే అడిగి తెలిసికొనుట ఆడిటరు విద్యలో ఓనమాలు. ఆ పనిని సంస్థవారు కంపెనీ యాజమాన్యమునకే విడిచిపెట్టిరని అమెరికా సెక్యూరిటీల కమిషను 2011లో తేల్చెను. దొంగచేతికి తాళములిచ్చుట యనగా నిదియే!

పిమ్మట జరిగినది చూడుడు. న్యూయార్కులో సత్యం వాటాపత్రములు కొన్న మదుపరులు సామూహిక దావా వేయగా, 2011లో రాజీపై సత్యం 12.5 కోట్ల డాలర్లును, ప్రైస్ వాటర్‌హౌస్ వారు 2.55 కోట్ల డాలర్లును చెల్లించుట కంగీకరించిరి. మన మదుపరుల సంఘమో, 2009లో జాతీయ వినియోగదారుల కమిషనును, సుప్రీముకోర్టును ఆశ్రయించి రిక్తహస్తములతో మరలెను. మోసమొకటే, సంతకమొకటే, అచటి మదుపరి నష్టమునకు వెల గలదు, ఇచటి మదుపరి నష్టమునకు లేదు!

2015 ఏప్రిలులో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము రాజుగారితోపాటు ఇద్దరు ఆడిటర్లకును ఏడేండ్ల శిక్ష విధించెను. మే నెలలోనే అప్పీలుపై ఆ శిక్షలు నిలుపబడెను. 2018లో సెబీ ఆ ఆడిటు సంస్థపై రెండేండ్ల నిషేధము విధించెను. 2019లో సెక్యూరిటీల అప్పీలు ట్రిబ్యునలు దానిని కొట్టివేసెను. ఆడిటర్ల మంచిచెడ్డలు విచారించుట వారి వృత్తిసంస్థ పనియట! శిక్ష నిలిచినను నిలువకున్నను, నిషేధమున్నను లేకున్నను, మునిగిన మదుపరి చేతిలో దానివలన ఒక పైసయైన పడునా?

ఆడిటరు కావలికుక్కయే గాని వేటకుక్క కాదని 1896లో ఒక ఆంగ్ల న్యాయాధిపతి సెలవిచ్చెను. నేటికిని ఎదుటిపక్షమువారికి అదియే కవచము. మంచిది, వేటాడనక్కరలేదు, దొంగ యింటిలో దూరినపుడు మొరగనైనను మొరగవలదా? తగు తనిఖీ చేసియు మోసపోయిన ఆడిటరును దండింపుడని మేమనుట లేదు. తనిఖీ చేయక సంతకము చేసినవాడు నష్టములో తన పాలు భరింపవలెననుచున్నాము.

ఇందులకు మార్గము లేకపోలేదు. 2013 కంపెనీల చట్టము 245వ సెక్షను, తప్పుదారి పట్టించు ఆడిటు నివేదికపై ఆడిటు సంస్థనుండియు, అందు పాల్గొన్న భాగస్వాములనుండియు నష్టపరిహారము కోరు హక్కును వాటాదారుల కిచ్చినది. నూరుగురు వాటాదారులు కలిసిన చాలును. ట్రిబ్యునలు అనుమతించినచో ఖర్చులను మదుపరుల విద్యా రక్షణ నిధినుండి రాబట్టుకొనవచ్చును. ఆయుధము ఒరలో నున్నది, దూయువారే కావలెను. పొదుపు సొమ్ము వాటాలలో పెట్టిన ప్రతి గృహస్థుడును ఈ సెక్షనును ఎరుగవలెను. ఎరిగినవారు పఠనమందిరములలో పదుగురికి చదివి వినిపింపవలెను. సంతకమునకు జీతము పుచ్చుకొన్న చేయి, ఆ సంతకమువలన కలిగిన నష్టమునకును చాచబడవలెను.