విజ్ఞాన చరిత్రకు తాళం చెవి ఎవరి చేతిలో?

హీలియం మూలకం గుంటూరులో బయటపడిందని మన ప్రాంతంలో చదువుకున్నవారు గర్వంగా చెప్పుకోవడం పరిపాటి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు వచ్చిన మాట నిజం. సూర్యుని అంచున ఎగసే జ్వాలలను గ్రహణం లేనప్పుడు కూడా వర్ణపట పరికరంతో చూడవచ్చునని ఆయన మరునాడే నిరూపించిన మాట కూడా నిజం. అయితే కొత్త మూలకం దొరికిందని ఆయన అక్కడ ప్రకటించలేదు. జ్వాలల కాంతిలో కనిపించిన పసుపు పచ్చని గీతను నాటి పరిశీలకులు ఎక్కువగా సోడియం గీతగానే భావించారు. అది సోడియంది కాదని ఆ తరువాత కొద్ది నెలల్లో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ తేల్చారు. భూమిపై ఆ వాయువును విలియం రామ్సే వేరు చేసింది 1895లో.

గుంటూరు ప్రతిష్ఠను తగ్గించడానికి ఈ సంగతి చెప్పడం లేదు. పాఠ్య పుస్తకంలోని ఒక్క వాక్యానికీ, అసలు జరిగినదానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో చూపడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లేదు. అదే గ్రహణాన్ని మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పోగ్సన్ మచిలీపట్నం నుంచి, ఆ అబ్జర్వేటరీలోనే పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తి నుంచి పరిశీలించారు. వీరి పేర్లు మన బడి పిల్లల్లో ఎందరికి తెలుసు? అసలు నివేదికలు చదివినప్పుడే ఇటువంటి పేర్లు వెలుగులోకి వస్తాయి.

ఒకప్పుడు ఆ నివేదికలు చదవాలంటే లండన్, పారిస్ గ్రంథాలయాల గడప తొక్కవలసి వచ్చేది. నేడు పరిస్థితి మారింది. లాకియర్ వ్యాసాలను ప్రచురించిన రాయల్ సొసైటీ 70 ఏళ్లు దాటిన తన పాత వ్యాసాలన్నింటినీ 2011లో ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితం చేసింది. ఫ్రెంచి అకాడమీ పాత సంచికలు ఆ దేశ జాతీయ గ్రంథాలయం వెబ్‌సైట్‌లో ఉన్నాయి. న్యూటన్ స్వహస్తంతో రాసుకున్న వేలాది పుటలను కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 2011 చివరలో తెర మీదకు తెచ్చింది. డార్విన్ రాసిన, ఆయనకు వచ్చిన 15 వేలకు పైగా లేఖలను అర్ధ శతాబ్దం పాటు శ్రమించి పరిష్కరించి, ఎవరైనా చదువుకునేలా ఉంచారు. ఇవి సంపన్న దేశాల విలాసాలని కొట్టిపారేయడానికి వీలులేదు. మన దేశంలోనూ బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ మద్రాసు అబ్జర్వేటరీ నాటి పాత పత్రాలను ఎలక్ట్రానిక్ భాండాగారంలో భద్రపరచింది. కొడైకెనాల్‌లో 1904 నుంచి తీసిన సూర్యుని ఛాయాచిత్రాలను డిజిటల్ రూపంలోకి మార్చింది. శతాబ్దం నాటి ఆ గాజు పలకల మీది సూర్యుని మచ్చలు నేటి శాస్త్రజ్ఞులకు ముడిసరుకుగా ఉపయోగపడుతున్నాయి. పాత పత్రాలు చరిత్రకారులకు మాత్రమే అక్కరకు వస్తాయనే అపోహ దీనితో తొలగిపోవాలి. బెంగుళూరులోనే జాతీయ జీవశాస్త్ర కేంద్రం 2019లో ప్రారంభించిన పత్రాగారం సమకాలీన శాస్త్రజ్ఞుల లేఖలను, నోటు పుస్తకాలను సేకరిస్తున్నది.

అయితే ఈ మంచి పనులన్నీ ఒక సంస్థ చొరవ మీదనో, ఒక వ్యక్తి పట్టుదల మీదనో ఆధారపడినవే. జాతీయ స్థాయిలో జరిగిన ప్రయత్నం మిగిల్చిన అనుభవం చేదుగా ఉంది. చిత్తూరు జిల్లాలో పుట్టి, కంప్యూటర్ శాస్త్రంలో నోబెల్‌తో సమానమనదగిన ట్యూరింగ్ పురస్కారాన్ని 1994లో అందుకున్న రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాలను ఇంటర్నెట్‌కు ఎక్కించాలని కల కన్నారు. దానిలో భాగమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా 2003లో మొదలైంది. హైదరాబాదు సహా అనేక కేంద్రాల్లో లక్షల పుస్తకాలను స్కాన్ చేశారు. విజ్ఞాన చంద్రికా మండలి కాలం నాటి తెలుగు శాస్త్ర గ్రంథాలు అటకల మీది నుంచి దిగివచ్చింది ఈ పథకం వల్లనే. కాని పుటలు తప్పిపోయినవి, తలకిందులైనవి కోకొల్లలు. తెలుగు పుస్తకాల పేర్లను ఇంగ్లీషు అక్షరాలలో ఎవరికి తోచినట్లు వారు ఎక్కించడంతో పుస్తకం ఉండి కూడా దొరకని దుస్థితి ఏర్పడింది. ఆ జాబితాను సరిచేసి చదువరులకు అందించినది ప్రభుత్వ శాఖ కాదు, తెలుగు వికీపీడియా స్వచ్ఛంద కార్యకర్తలు. చివరకు 2017 ప్రాంతంలో ఆ వెబ్‌సైటే మూతపడింది. అప్పటికే అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థకు ప్రతులు చేరి ఉండడం వల్ల ఆ పుస్తకాలు బతికాయి. ప్రజల సొమ్ముతో స్కాన్ చేసిన మన గ్రంథాలను మనం శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తెచ్చుకోవలసి రావడం శోచనీయం.

2018 జూన్‌లో జాతికి అంకితం చేసిన జాతీయ డిజిటల్ గ్రంథాలయం ఈ లోటును కొంత పూడ్చింది. ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహణలోని ఆ వేదిక ప్రధానంగా ఇతర సంస్థల భాండాగారాలకు దారి చూపే సూచిక. దారి చివర ఉన్న సంస్థ తన సర్వర్‌ను ఆపివేస్తే ఆ సూచికకు విలువ ఉండదు.

మరొక ముఖ్య విషయం హక్కులది. మన విజ్ఞాన చరిత్రకు ప్రామాణిక పత్రిక అయిన ఇండియన్ జర్నల్ ఆఫ్ హిస్టరీ ఆఫ్ సైన్స్ 1966లో మొదలైంది. శుల్బ సూత్రాల నుంచి ఉక్కు తయారీ వరకు దశాబ్దాల పరిశోధన అందులో ఉంది. ఆ పాత సంచికలను జాతీయ విజ్ఞాన అకాడమీ తన వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచింది. 2021 నుంచి మాత్రం ప్రచురణ బాధ్యత స్ప్రింగర్ అనే విదేశీ సంస్థకు వెళ్లింది. ముద్రణ మెరుగైంది, విదేశాల్లో గుర్తింపూ పెరగవచ్చు. కాని చందా లేని పాఠకుడు కొత్త వ్యాసాలు చాలావరకు రుసుము చెల్లించి చదవవలసిందే. ప్రభుత్వ నిధులతో నడిచే అకాడమీ, మన గతం గురించి మన పండితులు రాసిన వ్యాసాలకు టిక్కెట్టు పెట్టడం ఎంతవరకు సబబు?

దీనికి సమాధానంగా అధికారులు 'ఒకే దేశం, ఒకే చందా' పథకాన్ని చూపవచ్చు. 2025 నుంచి మూడేళ్లకు 6 వేల కోట్ల రూపాయలతో స్ప్రింగర్ సహా 30 ప్రచురణ సంస్థల పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థలకు, పరిశోధనా కేంద్రాలకు అందించే ఆ పథకం ఆహ్వానించదగినదే. మారుమూల డిగ్రీ కళాశాలల వారికి ఇది పెద్ద మేలు. కాని దాని ఫలం విద్యార్థులకు, అధ్యాపకులకు, పరిశోధకులకు పరిమితం. బడి పంతులు, పదవీ విరమణ చేసిన ఇంజినీరు, స్థానిక చరిత్ర రాసుకునే గ్రామీణుడు గుమ్మం బయటనే నిలబడతారు. విజ్ఞాన చరిత్రలో ఎన్నో విశేషాలను వెలికి తీసినది ఇటువంటివారేనన్న సంగతి విస్మరించరాదు.

తాళం వేయడమే సబబైన సందర్భాలూ లేకపోలేదు. పసుపుతో గాయాలు మాన్పడంపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన సీఎస్ఐఆర్ పాత గ్రంథాల సాక్ష్యంతో పోరాడి 1997లో రద్దు చేయించింది. ఆ అనుభవం నుంచి పుట్టిన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయాన్ని చాలాకాలం పేటెంటు కార్యాలయాలకే పరిమితం చేశారు. 2022లో ఇతరులకూ చందా పద్ధతిపై తెరవడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదించింది. దుర్వినియోగ భయం అక్కడ అర్థం చేసుకోదగినది. పాత గ్రహణ నివేదికకో, శుల్బ సూత్రాలపై వ్యాసానికో ఆ భయం వర్తించదు.

రచయిత మరణించి 60 ఏళ్లు దాటిన గ్రంథాన్ని ఉచితంగా అందించడానికి ప్రస్తుత కాపీరైటు చట్టమే అనుమతిస్తున్నది. ప్రజాధనంతో స్కాన్ చేసిన ప్రతి పుస్తకం కనీసం మూడు వేర్వేరు సంస్థల్లో భద్రంగా ఉండాలనీ, పుస్తకం పేరు దాని సొంత లిపిలోనే నమోదు కావాలనీ కేంద్రం ఆదేశాలు ఇస్తే సరిపోతుంది. చందా పథకం తొలి గడువు 2027తో ముగుస్తుంది. ప్రచురణ సంస్థలతో మళ్లీ బేరానికి కూర్చునేటప్పుడు, మన అకాడమీల పత్రికల్లో వచ్చిన వ్యాసాలు ఏడాది తరువాతనైనా అందరికీ ఉచితం కావాలన్న షరతును ఒప్పందంలో చేర్చాలి.