మోడల్ బ్లెండర్‌లో, పరీక్ష ఇంజిన్‌లో

వీడియో గేమ్ తయారు చేయాలనుకునే విద్యార్థుల మొదటి సందేహం: అన్‌రియల్ నేర్చుకోవాలా, బ్లెండరా? నిజానికి ఇవి ఒకదానికొకటి పోటీ కావు.

ఆటలోకి ఒక రాతి స్తంభం కావాలనుకోండి. ఆకారం మలచడం, ఉపరితలానికి రంగు అద్దడం మోడలింగ్ సాఫ్ట్‌వేర్ పని. పాత్ర వచ్చి గుద్దుకుంటే ఆగాలా, వెలుగు ఎలా పడాలి అన్నది గేమ్ ఇంజిన్ లెక్క. సెకనుకు 60 ఫ్రేములు చూపాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం సుమారు 16.7 మిల్లీసెకన్లే. బ్లెండర్‌లోనూ ఒకప్పుడు గేమ్ ఇంజిన్ ఉండేది. 2019లో వచ్చిన 2.80 వెర్షన్‌లో తీసేశారు. మంచి పనే.

కాబట్టి ఉచితంగా దొరికే బ్లెండర్‌తోనే మొదలుపెట్టండి. అయితే నగిషీలన్నీ చెక్కేదాకా ఆగొద్దు. ముతక దిమ్మెగా ఉన్నప్పుడే స్తంభాన్ని ఇంజిన్‌లోకి పంపి చూడండి. బ్లెండర్ మామూలుగా మీటర్లలో కొలుస్తుంది, అన్‌రియల్ సెంటీమీటర్లలో. బ్లెండర్‌లో పైకి చూపేది జడ్ అక్షం, యూనిటీలో వై. (ప్రమాణాలు, అక్షాల తకరారు ఫిజిక్స్ చదివినవాళ్లకు కొత్తేమీ కాదు!) ఈ తేడా మొదటి మోడల్‌తోనే బయటపడితే ఎగుమతి సెట్టింగు మారిస్తే చాలు. ఇరవై చేశాక తెలిస్తే ఇరవైనీ మళ్లీ తెరవాలి.

పాత ల్యాప్‌టాప్ అయితే అన్‌రియల్ జోలికి పోకండి, గోడో ఇంజిన్ సరిపోతుంది.